పొరలోని పూస: మన స్ఫటిక పాఠములోని కొరత

వెన్న కాచి దించిన నేతిని రెండు గిన్నెలలో పోసి, ఒకదానిని పొయ్యి ప్రక్కనే మూతవేసి మెల్లగా ఆరనిచ్చి, రెండవదానిని చన్నీళ్ళ పళ్ళెములో నుంచి త్వరగా చల్లార్చిన యెడల, మరునాటి యుదయమునకు రెండు విధములైన నేయి కానవచ్చును. మొదటి గిన్నెలోనిది పూసకట్టి యుండును. రెండవదానిలో పూస మిక్కిలి సన్నమై, నేయి నున్నగా నుండును. వెన్న యొకటే, పొయ్యి యొకటే, కాచిన చేయి యొకటే. భేదమంతయు చల్లారిన తీరునందున్నది. ఈ సంగతి మన తల్లులందరకు తెలియును. ఇది స్ఫటిక శాస్త్రమని మాత్రము వారికి ఎవ్వరును చెప్పలేదు. స్ఫటిక శాస్త్రము చదివి, దానిని పిల్లలకు బోధించుచున్న మాకు, ఇదే పని మన యూరి కర్మాగారములలో ప్రతిదినము జరుగుచున్నదని ఎవ్వరును చెప్పలేదు. ఈ రెండు కొరతలలో రెండవదియే పెద్దదని మా యభిప్రాయము. అది యెట్లు మాకు తెలియవచ్చినదో ముందుగా విన్నవింతుము.

రెండేండ్ల క్రిందట మే నెలలో, సెలవుల నడుమ నొక సాయంకాలము, మా పూర్వ విద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. పదవ తరగతి ముగించి, ఇంటి యక్కరలచేత చదువు మాని, నాచారము వైపు నొక చిన్న కర్మాగారములో పనికి కుదిరినవాడు. చీరెలకును చొక్కాలకును తొడుగు తేటయైన పాలీప్రొపిలీను కవర్ల కొరకు అక్కడ పొరను తీయుదురు. వాడు సంచిలోనుండి రెండు కవరు ముక్కలు తీసి మా బల్లపై నుంచెను. ఒకటి అద్దమువలె తేటగా నుండెను. రెండవది పొగపట్టినట్లు మసకగా నుండి, మడిచినచోట తెల్లని గీత పడి, కొంచెము లాగగానే చిరిగెను. రెండును ఒక్క బస్తా దానాతో తీసినవే యనియు, తేటయైనది ఉదయమున, మసకయైనది మధ్యాహ్నమున వచ్చినదనియు వాడు చెప్పెను. పాత దానా కలిపినాడని నిందవేసి యజమాని వారము కూలిలో కోత వేసెనట. "నేను కలపలేదు సార్" అని వాడు రెండుమార్లు అనెను. కూలి పోయినందుకంటె ఆ మాట పోయినందుకే వాడు ఎక్కువ చిన్నబోయి యుండెను.

మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మరియొకటి గలదు. వీడు మా తరగతిలో నున్నప్పుడు ఘనపదార్థముల పాఠము చెప్పుచు, ఉప్పు, పటిక, వజ్రము స్ఫటికములనియు, గాజును ప్లాస్టిక్కును స్ఫటికములు కానివనియు, నల్లబల్లపై రెండు గడులు గీసి వ్రాసిన వారము మేమే. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము సిద్ధపరచుకొన్న పాఠపథకమునందు అట్లే యుండెను. చూపుటకు ఉప్పుబిళ్ళయు, పటికముక్కయు, పటికబెల్లమును సులభముగా దొరకును గనుక, ఇరువదియేండ్లుగా ఆ రెండు గడులనే గీయుచు వచ్చితిమి. వాడు ఆ గడులను నమ్మెను. నమ్మినందుననే, పొరలోని మసకకు మురికి తప్ప మరి యే కారణమును ఉండజాలదని తానును తలంచెను. తాను కలుపలేదు గనుక తోడి పనివాడెవడో కలిపియుండునని వానిని శంకించుచుండెను. తప్పు పాఠము తప్పు నిందకు ఎట్లు ఆధారమగునో ఆనాడు చూచితిమి. పిమ్మట పుస్తకములు తిరుగవేసి, తెలిసినవారి నడిగి, నేర్చుకొన్నదానిని ఇక్కడ సాధ్యమైనంత తేటగా చెప్పుదుము.

ప్లాస్టిక్కులన్నియు ఒక జాతివి కావు. పాలిథీను, పాలీప్రొపిలీను, పాలీయెస్టరు, నైలాను మొదలగువానిలో కొంత భాగము స్ఫటికముగాను, కొంత భాగము క్రమము లేని ముద్దగాను కలిసియుండుట సాధారణము. వీని యణువులు వేలకొలది చిన్న తునుకలు వరుసగా ముడిపడిన పొడవైన గొలుసులు. ఇట్టి మహాణువులు కలవని జర్మను రసాయనికుడు హెర్మన్ స్టౌడింగరు 1920 లో ప్రకటింపగా తోడి పండితులు చాలమంది నమ్మరైరి. 1953 లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. పాలిథీను 1933 లో ఇంగ్లండునందలి ఐ.సి.ఐ. వారి ప్రయోగశాలలో కనుగొనబడెను. దాని స్ఫటికములో గొలుసు లెట్లు పేర్చబడియున్నవో 1939 లో బన్ అను శాస్త్రజ్ఞుడు ఎక్సు కిరణముల సహాయమున నిర్ణయించెను. 1957 లో బ్రిస్టలు విశ్వవిద్యాలయమున ఆండ్రూ కెల్లరు మరియొక వింతను చూపెను. పాలిథీను స్ఫటికములు పలుచని రేకులు. ఒక్కొక్క రేకు మందము సుమారు 10 నానోమీటర్లు, అనగా మీటరులో నూరుకోట్ల వంతులకు పది వంతులు మాత్రమే. గొలుసులో, అంతకు ఎన్నోరెట్లు పొడవైనవి. కావున ఒక్కొక్క గొలుసు తనలో తాను వెనుకకును ముందునకును మడతలు పడి రేకులో ఇముడుచున్నదని ఆయన తేల్చెను. బట్టల యంగడిలో ఆరుగజముల చీరెను మడతమీద మడతవేసి బెత్తెడు కవరులో ఇమిడ్చినట్లే యనుకొనవచ్చును.

ఇట్లు మడతపడుటకు గొలుసునకు వ్యవధి కావలెను. ఇందే మర్మమంతయు నున్నది. కరిగిన పదార్థములో గొలుసులు చిక్కుపడిన దారములవలె కలగాపులగముగా నుండును. చల్లారునపుడు అక్కడక్కడ బీజములు పుట్టి, ఒక్కొక్క బీజమునుండి రేకులు అన్ని దిక్కులకు ప్రాకి, గుండ్రని పూసలుగా పెరుగును. వీనినే గోళస్ఫటికములందురు. మెల్లగా చల్లార్చినచో పూసలు తక్కువగా పుట్టి పెద్దవిగా పెరుగును. వేగముగా చల్లార్చినచో పెరుగుటకు వ్యవధి లేక సన్నముగా నిలిచిపోవును. కంటికి కనబడు వెలుగు తరంగముల పొడవు 0.4 నుండి 0.7 మైక్రాను వరకు నుండును. పూస ఆ కొలతకు చేరువయై, లేక దానిని మించి పెరిగెనా, వెలుగును నలుదిక్కుల చెదరగొట్టును, పొర మసకయగును. పెద్దపూసల నడుమ సందులు బలహీనములు గనుక, లాగినపుడు అక్కడనే చీలును. నేతి గిన్నెలో కన్నది పొరలోను కలదు. పూస సన్నమగుటచే కంటికి విడిగా కానరాదు, అంతియే.

పాలీప్రొపిలీను విషయము మరింత విచిత్రము. దీనిని గొలుసులో క్రమము గలదానిగా 1954 లో ఇటలీ దేశమున గ్యులియో నట్టా తయారుచేసెను. కార్ల్ జీగ్లరుతోపాటు 1963 లో నోబెలు బహుమానము పొందెను. ఇది సుమారు 165 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగును. కరిగిన పలుచని పొరను చల్లని నీటిలో ఒక్కసారిగా ముంచినచో, గొలుసులు పూర్తియైన స్ఫటికముగా కుదురుకొనుటకు వ్యవధి లేక, సగము కుదిరి సగము కుదరని యొక మధ్యస్థితిలో బిగుసుకొనును. అట్టి పొర తేటగాను సాగుడుగాను ఉండును. నీరు వెచ్చనైన యెడల చల్లారుట ఆలస్యమై, పూర్తియైన స్ఫటికములు ఏర్పడి, పూసలు పెరిగి, పొర మసకబారి పెళుసగును. మా పూర్వ విద్యార్థి పనిచేయు చోట, కరిగిన పదార్థము గొట్టముగా క్రిందికి దిగి నీటివలయములో పడును. ఆ నీరు మేడపై తొట్టిలోనుండి వచ్చి, మరల ఆ తొట్టికే చేరును. హైదరాబాదు మే నెల మధ్యాహ్నపు ఎండ ఎట్టిదో చదువరులకు మేము వర్ణింపనక్కరలేదు. దానా మారలేదు, మారినది తొట్టిలోని నీటి వేడిమి.

పాలిథీను కవర్ల పొరను వేరొక విధమున తీయుదురు. కరిగిన పదార్థమును గుండ్రని సందుగుండ పైకి తీయుచు, లోపల గాలి నింపి, నిలువెత్తు బుడగగా ఊదుదురు. చుట్టును గాలి విసరి చల్లార్తురు. ఆ బుడగ క్రిందిభాగము తేటగా నుండి, కొంత యెత్తున నొక వలయము వద్ద మబ్బుపట్టినట్లు మారును. ఆ వలయమును ఫ్రాస్ట్ లైను అందురు. స్ఫటికములు పుట్టు ఘడియను వట్టి కన్నులతో చూడదగిన చోట్లలో ఇదియొకటి. గాలి తగ్గించినచో ఆ గీత పైకి జరుగును. హెచ్చించినచో క్రిందికి దిగును. దానితోపాటు పొర గుణమును మారును. చిరకాలానుభవము గల పనివారు ఆ గీత యెత్తును చూచియే యంత్రమును దిద్దుదురు. వారి విద్య నేయి కాచు తల్లుల విద్యవంటిది. చేతికి తెలియును, మాటకు అందదు.

చల్లార్చుట యొక్కటియే కాదు, లాగుటయు పొర గుణమును మార్చును. దువ్వని జుట్టునకును దువ్వి బిగించిన జడకును గల భేదమిది. వెంట్రుకలు అవియే, దువ్వినపిదప అన్నియు ఒకే దిక్కునకు తిరిగి, బలమంతయు ఆ దిక్కున చేరును. బిస్కత్తుల పొట్లములకును అంటించు టేపులకును వాడు పాలీప్రొపిలీను పొరను నిలువున సుమారు అయిదురెట్లు, అడ్డముగా సుమారు ఎనిమిది తొమ్మిదిరెట్లు సాగదీయుదురు. మొదటి పూసలు చెదరి, గొలుసులు లాగిన దిక్కులకు తిరిగి, క్రొత్త స్ఫటికములుగా కూడుకొనును. అందుచేతనే ఇరువది మైక్రాన్లయినను లేని ఆ పొట్లమును చేతితో చించుట కష్టము. అంచున చిన్న గంటు పడెనా, ఒక్క పెట్టున చినిగిపోవును.

పాలీయెస్టరు పొరకు మూడు సంస్కారములు జరుగును. ముందుగా చల్లని పీపాపై త్వరగా చల్లార్చి, స్ఫటికము కట్టనీయక నిలుపుదురు. తరువాత సుమారు 90 డిగ్రీల వేడిలో ఇరువైపుల మూడు నాలుగు రెట్లు సాగదీయుదురు. కడపట బిగబట్టి యుంచియే 200 డిగ్రీలకు పైబడిన వేడి చూపి, స్ఫటికములను స్థిరపరచుదురు. ఈ మూడవ సంస్కారము తప్పినచో పొర వేడి తగలగానే కుంచించుకొనిపోవును. నందమూరి తారక రామారావుగారి రామకృష్ణా స్టూడియో నాచారమున నెలకొన్న కారణమున, ఫిల్ము అనగా మన పెద్దలకు సినిమాయే జ్ఞప్తికి వచ్చును. ఆ సినిమా ప్రతులును కడపటి దశాబ్దములలో పాలీయెస్టరు పొరపైననే ముద్రితమగుచుండెను. దీపము వేడికి ముడుచుకొనక, పండ్లచక్రముల లాగుడుకు సాగక బొమ్మ తెరపై నిలిచినదన్న, ఇట్టి సంస్కారములే కారణము.

మరియొక్క యుదాహరణము చెప్పి ఈ భాగమును ముగింతుము. పాలీవినైలిడీను ఫ్లోరైడు అను పదార్థమును కరిగించి మామూలుగా చల్లార్చినపుడు ఏర్పడు స్ఫటికము నొక్కినను విద్యుత్తు నీయదు. దానిని తగిన వేడిలో నాలుగైదు రెట్లు సాగదీసినచో స్ఫటికరూపమే మారిపోవును. అట్లు సాగదీసి విద్యుత్ క్షేత్రములో నుంచిన పొర నొక్కగానే విద్యుత్తు పుట్టించునని 1969 లో జపాను శాస్త్రజ్ఞుడు కవాయి చూపెను. పదార్థము పేరు మారలేదు, గొలుసు మారలేదు. చేసిన సంస్కారము మాత్రమే మారినది.

ఈ విద్య మనకు దూరమున నుండెనా యన్నచో, లేదు. తార్నాకనుండి ఉప్పలునకు పోవు బాటనే చూడుడు. 1944 లో హైదరాబాదు సంస్థానమువారు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కొరకు కేంద్ర ప్రయోగశాలలను స్థాపించిరి. అవి 1956 లో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి క్రిందికి వచ్చి, 1989 నుండి భారత రసాయన సాంకేతిక సంస్థ యను పేర వెలయుచున్నవి. అక్కడ పాలిమరులపై ప్రత్యేకముగా పరిశోధన జరుగుచున్నది. అదే బాటలో 1961 లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థయు, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును గలవు. నాచారమునకు అవతల చర్లపల్లిలో, ప్లాస్టిక్కుల విద్యనే నేర్పు సిపెట్టను కేంద్ర ప్రభుత్వ సంస్థ గలదు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909 లో జన్మించి, చంద్రశేఖర వేంకట రామనుగారి యొద్ద పరిశోధనచేసిన సూరి భగవంతముగారు 1952 నుండి 1957 వరకు, తార్నాక కంటియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. స్ఫటికముల సౌష్ఠవమును వాని భౌతిక గుణములను గూర్చి 1966 లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి. 2017 నవంబరునుండి మెట్రో రైలు ఆ బాట మీదుగా పోవుచున్నది. మా విద్యార్థులలో కొందరు దినమును ఆ ప్రయోగశాలల ప్రహరీల ప్రక్కగా పాఠశాలకు వచ్చుచు, మరికొందరు చదువు మానగానే నాచారము, మల్లాపురము, చర్లపల్లి పారిశ్రామికవాడలలో పనికి చేరుచున్నారు. ఒకవైపు స్ఫటికములను పరీక్షించువారు, ఒకవైపు స్ఫటికములను తయారుచేయువారు. నడుమ మా పాఠశాల. రెండువైపులను కలుపవలసిన వంతెనపై మేము రెండు గడులు గీసి, పిల్లలను ఆపివేసితిమి.

ఇక ఆక్షేపణములు. ప్లాస్టిక్కు లోకమునకు కీడు చేయుచుండగా, చెరువులును మూసీయు కవర్లతో నిండుచుండగా, దానిని పాఠముగా చెప్పి గౌరవింపనేల యని కొందరు పెద్దలు మమ్ము అడిగిరి. వారి బాధ న్యాయమైనది. ఉప్పలు వద్ద మూసీ యొడ్డున నిలిచి చూచినవారెవరును దానిని కాదనరు. అయినను, రోగమును గూర్చి తెలియక వైద్యము చేయరాదు. పలుచని చేతిసంచులను నిషేధించు కేంద్ర నియమము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లును కనీస మందముగా నిర్ణయించినది. మందపు సంచి మరల మరల వాడబడుననియు, పారవేసినను ఏరువారికి చిక్కుననియు దాని తాత్పర్యము, అది మంచిదే. కాని మా విద్యార్థులు ఈ నియమమును చదివి, మందమే బలమని వ్రాయుచున్నారు. ఇరువది మైక్రాన్ల బిస్కత్తు పొట్లము అంతకు రెండింతల మందము గల మామూలు పాలిథీను కవరు కంటె ఎంతో బలమైనదని పైన చెప్పియుంటిమి. బలము మందములో మాత్రమే లేదు, పొందికలో నున్నది. ఈ సంగతి నెరిగినవాడే తక్కువ పదార్థముతో ఎక్కువ పని జరిగించు ఉపాయమును వెదకగలడు. మట్టిలో కలిసిపోవలెనని తయారుచేయు క్రొత్త పాలిమరులలోను స్ఫటిక భాగము మెల్లగా, క్రమములేని భాగము త్వరగా శిథిలమగును. కావున రేపటి సంచి ఎన్నినాళ్ళు నిలుచునో, ఎన్నినాళ్ళలో నశించునో యనుటకును ఈ పాఠమే మొదలు. ద్వేషము చేత చెరువు శుభ్రపడదు. తెలివి చేత కొంతవరకు పడవచ్చును.

పాఠ్యప్రణాళిక ఇప్పటికే బరువైయుండగా ఇంకొక భారమేల యని తోడి యుపాధ్యాయులు అడుగుదురు. మేము కోరునది క్రొత్త పాఠము కాదు. ఉన్న పాఠములో మూడవ గడి మాత్రమే. ఉప్పు, పటిక మొదటి గడిలో నుండనిండు; గాజు రెండవ గడిలో నుండనిండు. రెంటి నడుమ, కొంత స్ఫటికము కొంత కానిది యను మూడవ గడి గీసి, అందులో పాలిథీనును వ్రాయుడు. దానిని చూపుటకు వెలగల పరికరములు అక్కరలేదు. నేతి గిన్నెల సంగతి ఇంటిలోనే చూడవచ్చును. పాలిథీను కవరునుండి వ్రేలెడు వెడల్పు పట్టీ కత్తిరించి మెల్లగా లాగినచో, ఒకచోట నడుము సన్నమై, ఆ సన్నదనము పట్టీ పొడవున ప్రాకును. లాగబడిన భాగము గట్టిపడి, అటుపై అంత సులభముగా సాగదు. గాజుపలకపై తేటయైన టేపును అడ్డదిడ్డముగా నాలుగైదు వరుసలు అంటించి, కంప్యూటరు తెల్లని తెర ముందు నిలిపి, పోలరాయిడు కన్నద్దముగుండ చూచినచో, రంగులు లేని టేపులో ఇంద్రధనుస్సు కానవచ్చును. గొలుసులు ఒక దిక్కునకు తిరిగియున్నవనుటకు అదియే సాక్ష్యము. ఆ కన్నద్దములోని పొరయు, అయొడిను పట్టించి సాగదీసిన పాలిమరు పొరయే యని చెప్పినపుడు పిల్లలు నవ్వుదురు. నీళ్ళసీసా నడిమి భాగమునుండి ముక్క కత్తిరించి, ఉపాధ్యాయుడే మరుగునీటిలో వేసి చూపినచో, అది కుంచించుకొని ముడుచుకొనును. సాగదీసినది వేడి తగిలినపుడు తన పూర్వస్థితిని జ్ఞప్తికి తెచ్చుకొనుట యిది. ఏ ప్లాస్టిక్కును మంటలో మాత్రము పెట్టరాదు. ఇంతకును ఒక్క గంట చాలును.

దీనితోపాటు మరి రెండు విన్నపములు. కేంద్ర ప్రయోగశాలలు సెప్టెంబరు 26 వ తేదీన జరుగు మండలి స్థాపన దినమునకు చేరువలో విద్యార్థులను లోపలికి రానిచ్చు ఆచారము గలదు. మన తొమ్మిదవ తరగతివారిని ప్రతి సంవత్సరము తీసికొనిపోవలెను. తిరిగివచ్చు దారిలో ఏదేని కర్మాగారమువారి యనుమతితో బుడగనూదు యంత్రమును చూపవలెను. ఒకే దినమున రెంటిని చూచిన పిల్లవాడు ఆ రెంటికి గల సంబంధమును మరువడు. ఇక రెండవది, పదవ తరగతి పిమ్మట చేరదగిన మూడేండ్ల డిప్లొమాలు సిపెట్టులో కలవని మన ప్రకటన పలకపై ఏటేట వ్రాయవలెను. ఆ సంగతి సమయమునకు తెలిసియుండినచో మా పిల్లవాడు చేరియుండునో లేదో చెప్పజాలము. తెలియకపోవుట మాత్రము మా లోపము.

చదువరులు వాని సంగతి ఏమైనదని యడుగుదురు. మేము పాఠశాలనుండి ఒక వేడిమాపకమును వానికి ఎరువిచ్చితిమి. వాడు పదిదినములు తొట్టిలోని నీటి వేడిమిని మూడు పూటల కొలిచి, ఒక్కొక్క పూట తీసిన పొర ముక్కను నోటుపుస్తకములో అంటించి, ప్రక్కన అంకె వ్రాసెను. నీరు వేడెక్కిన కొలది ముక్క మసకయగుట ఎవ్వరైనను చదువక చూచి తెలిసికొనదగినట్లుండెను. యజమాని ఆ పుస్తకమును చాలసేపు తిప్పి చూచెనట. తరువాత తేటపొరను తెల్లవారుజామున తీయించి, రంగుపొరను మధ్యాహ్నమునకు మార్చెను. మరు వేసవికి నీటిని చల్లార్చు యంత్రమును పెట్టించెను. కోసిన కూలి మాత్రము తిరిగి రాలేదు. అయినను, మురికి కలిపినాడను మాట అక్కడ మరల వినబడలేదనియు, తాను శంకించిన తోడి పనివానితో తానే పోయి మాటాడితిననియు వాడు మాకు చెప్పెను.

తల్లిదండ్రులారా, విద్యార్థులారా, మేము ఈ సంగతిని వ్రాసినది వానిని పొగడుటకు కాదు. కరిగిన పొర చెడినచో నలుగగొట్టి మరల యంత్రములో పోయుదురు. వేడికి గొలుసులు కొంత తెగినను రెండవసారి వచ్చును. తరగతిలో తప్పు నేర్చినవానికి అట్టి రెండవసారి చాల యరుదుగా లభించును. వాడు ఆ తప్పును పట్టుకొనియే లోకములోనికి పోవును. మాకు తెలియనిదానిని తెలిసినట్లు చెప్పితిమి. దాని వెలను వాడు చెల్లించెను. ఈ సంవత్సరము వాడు డిప్లొమా ప్రవేశపరీక్షకు దరఖాస్తు నింపుటకై మా యొద్దకు వచ్చినపుడు, తొమ్మిదవ తరగతి గదిలో పాఠము జరుగుచుండెను. వాడు వాకిట నిలిచి నల్లబల్లను చూచెను. దానిపై మూడు గడులుండెను.